స్కిజోఫ్రీనియా మందులు వాడితే నెలసరి ఆగిపోతుందా?

అవును, కొన్నిటితో ఆగిపోవచ్చు, ముఖ్యంగా రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్‌తో. ఇవి మెదడులోని డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్‌ను మామూలుగా అదుపులో ఉంచేది ఆ డోపమైనే. అదుపు తప్పి ప్రొలాక్టిన్ పెరిగితే అండం విడుదలయ్యే క్రమం దెబ్బతింటుంది. మగవాళ్లలోనూ కోరిక తగ్గడం, రొమ్ములు పెరగడం ఉండొచ్చు, సిగ్గుతో బయటికి చెప్పరు గానీ.

గుంటూరులో ఒక పెళ్లికాని అమ్మాయికి రిస్పెరిడోన్ మొదలుపెట్టాక నెలసరి తప్పి, చుడీదార్ మీద పాల మరక కనిపించిందనుకోండి. ఇంట్లోవాళ్లు ఆమెను అనుమానించడం ఎంత అన్యాయం! ప్రొలాక్టిన్ రక్తపరీక్ష, దాంతోపాటు గర్భపరీక్ష చేయిస్తే విషయం తేలిపోతుంది.

చాలామంది 'గర్భసంచి పాడైంది' అని భయపడి మాత్రలు ఆపేస్తారు. గర్భసంచికి ఏమీ కాదు. డాక్టర్ మోతాదు తగ్గించినా, అరిపిప్రజోల్ అనే వేరే మందుకు మార్చినా చాలామందికి నెలసరి మళ్లీ వస్తుంది. సొంతంగా ఆపితే మాత్రం జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.