పాత కార్ల శీర్షిక: ముందు రేకు, తరువాతే ఇంజన్

ప్రశ్న: నలభై ఏళ్లు దాటిన ఒక కారు అమ్మకానికి ఉంది. పెయింటు మెరుస్తోంది, మీటరు చాలా తక్కువ దూరం చూపిస్తోంది, సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంటోంది. మెకానిక్‌ను తీసుకువెళ్లి ఇంజన్ చూపించుకుంటే సరిపోతుందా?

జవాబు: మెకానిక్‌ను తప్పకుండా తీసుకువెళ్లండి, కాని ఆయనను బానెట్ దగ్గరకు చివరన పంపండి. పాత కారులో ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్, బ్రేకులు అన్నీ బోల్టులతో బిగించినవే కనుక విప్పి బాగుచేయవచ్చు, అవసరమైతే మార్చనూ వచ్చు. తుప్పు తిన్న బాడీ సంగతి అలా కాదు. 1922లో వచ్చిన లాన్చియా లాంబ్డా, 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంత్ వంటివి దారి చూపిన తరువాత చాలా కార్లకు విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే చట్రం, ఉండటం క్రమంగా ఆగిపోయింది. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే బోలు దూలాలు, పైకప్పును మోసే స్తంభాలు అన్నీ వెల్డింగుతో ఒక్కటై బరువును పంచుకుంటాయి. అటువంటి కారులో తలుపు కింద రేకు చిల్లులు పడిందంటే కారు వెన్నెముకే బలహీనపడిందని అనుకోవాలి.

కనుక ముందుగా కార్పెట్లు, ఫుట్‌మ్యాట్లు ఎత్తి నేలను చూడండి. డిక్కీలో స్టెపినీ తీసి దాని కింద నీరు నిలిచిన గుర్తులున్నాయేమో గమనించండి. జాకీ పెట్టే చోట్లు, షాక్ అబ్సార్బర్ల పైభాగం బిగించిన చోట్లు, అద్దం బీడింగ్ అంచులు టార్చిలైటు వేసి పరిశీలించండి. తుప్పు పట్టే చోటు మోడల్‌ను బట్టి మారుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో బ్యాటరీ వెనుక సీటు కింద ఉంటుంది కనుక ఆసిడ్ చిమ్మి, తేమ చేరి, సరిగ్గా దాని కింది నేలే ముందు పోతుంది. పాత మినీలో వెనుక చక్రాలను మోసే సబ్‌ఫ్రేమ్ పోతుంది. 1948లో మొదలైన ల్యాండ్ రోవర్‌కు పైరేకులు చాలావరకు అల్యూమినియంవి కావడంతో చూపులకు ఏ లోపమూ కనిపించదు, ఆ రేకుల కింద ఉన్న ఉక్కు ఛాసిస్ మాత్రం లోపలి నుంచి తినేసి ఉండవచ్చు. ఆ మోడల్‌ను ఏళ్ల తరబడి నడుపుతున్నవారిని ముందే అడిగి, చూడవలసిన చోట్లు రాసుకుని వెళ్లడం మేలు.

మెరిసే పెయింటు మీద పలుచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని నెమ్మదిగా నడిపించండి. అది పట్టు వదిలిన చోట పెయింటు కింద పుట్టీ దట్టంగా ఉందని తెలుస్తుంది. ఫ్యాక్టరీలో వేసే పెయింటు మందం సాధారణంగా మిల్లీమీటరులో ఐదో వంతుకు మించదు. పుట్టీ పొరలైతే మిల్లీమీటర్లలోనే ఉంటాయి. అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బాడీల మీద ఈ పరీక్ష పనిచేయదని వేరే చెప్పనక్కరలేదు. కారు అడుగున కొత్తగా పూసిన నల్లటి తారు కనబడితే నేనైతే మరింత జాగ్రత్త పడతాను, ఎందుకంటే పాత కారుకు అమ్మకానికి ముందు వారంలో తారు పూయించేవారు దానిని కాపాడాలని పూయించే సందర్భాలు అరుదు.

మీటరు మాటకొస్తే, పాత కార్లలో చాలావాటికి అంకెలు ఐదే. 99,999 దాటగానే అది మళ్లీ సున్నాల నుంచి మొదలవుతుంది. అందువల్ల మీటరును నమ్మేకంటే పెడల్ రబ్బర్ల అరుగుదల, డ్రైవరు సీటు అంచు, స్టీరింగ్ నునుపు, డ్రైవరు తలుపు కీలు వదులు చూసి అంచనా వేయడం మంచిది. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే మర్యాదగానే వెనక్కి వచ్చి, చల్లబడ్డాక మరొక రోజు వెళ్లండి. చల్లటి ఇంజన్ దాచలేని విషయాలు వేడి ఇంజన్ దాచగలదు. స్టార్ట్ చేసినప్పుడు, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోందని, వేడెక్కిన తరువాత కూడా తెల్లటి పొగ ఆగకపోతే కూలెంట్ సిలిండరులోకి దిగుతోందని అనుమానించాలి. అయితే ఈ రెండూ ధర తగ్గించమని అడగడానికి కారణాలు. నేల రేకు పోయిన కారైతే బేరం జోలికే వెళ్లవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో పదిహేనేళ్లుగా కదలకుండా నిలబడిన కారు ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి చూడవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. అన్నేళ్లు నిలిచిన ఇంజన్‌లో సిలిండర్ గోడల మీది ఆయిల్ పొర ఏనాడో జారిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు గోడలకు అంటుకుని ఉండవచ్చు. అటువంటప్పుడు సెల్ఫ్ బలంగా తిప్పితే రింగులు విరిగే ప్రమాదం ఉంది. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కొక్క సిలిండరులో కాస్త పలుచటి ఆయిల్ పోసి, ఒకటి రెండు రోజులు నాననివ్వండి. తరువాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ బెల్టును తిప్పే చక్రం) బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. తిరగకపోతే బలం ప్రయోగించకుండా మళ్లీ ఆయిల్ పోసి ఓపిక పట్టడమే మార్గం. మీ ఇంజన్‌లో వాల్వులను సమయానికి తెరిపించడానికి చైన్ బదులు టైమింగ్ బెల్టు ఉంటే దానిని మార్చకుండా స్టార్ట్ చేయవద్దు. నిలవ ఉన్న బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

ట్యాంకులోని పాత పెట్రోలు ఈపాటికి జిగురుగా మారి ఉంటుంది కనుక మొత్తం తీసివేసి, ట్యాంకు కడిగించి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించి, రబ్బరు పైపులన్నీ కొత్తవి వేయించండి. ఇంజన్ ఆయిల్, కూలెంట్ పాతవి తీసేసి కొత్తవి పోయండి.

కారు కదలడం కంటే ముఖ్యం ఆగడం. సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ప్రమాణాల ప్రకారం డాట్ 3 తాజాగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకుండా ఉండాలి. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. వేడెక్కిన బ్రేకులో ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు ఆనుతుంది. పైగా ఆ తేమ వీల్ సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టించి ఉంటుంది. కనుక ఆయిల్‌తో పాటు బ్రేక్ హోసులు, సీల్స్ కూడా మార్చాలి. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మాత్రం వీటిలో కలపకూడదు.

టైర్ల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలున్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మూడే అంకెలుంటే అది 2000కు ముందరి టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా, పదిహేనేళ్లు ఒకే చోట నిలిచిన టైరు గట్టిపడి పగుళ్లు వారి ఉంటుంది కనుక దాని మీద రోడ్డెక్కవద్దు.

ప్రశ్న: పూర్తిగా విప్పేసి, భాగాలన్నీ డబ్బాలలో సర్ది ఉంచిన కారును చౌకగా ఇస్తామంటున్నారు. బాగుచేయడం నేర్చుకోవాలనుకునే వారికి ఇది మంచి అవకాశం కాదా?

జవాబు: కాదు. విప్పినవాడికే ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. మీకు అసలు తెలిసే వీలు లేదు. డబ్బాలలో ఏవి లేవో కారు సగం బిగించాక కాని బయటపడదు. నేర్చుకోవడానికి నడుస్తున్న కారు కొనండి, ఒకసారికి ఒక్క భాగమే విప్పండి, విప్పేముందు ఫొటో తీయండి, బోల్టులను పేరు రాసిన సంచులలో వేయండి, ఆ భాగం బిగించి కారు నడిచిన తరువాతే రెండోదాని జోలికి వెళ్లండి.

ప్రశ్న: నేను కొన్న కారుకు ఫ్యాక్టరీ పెయింటే ఉంది, కాని వెలిసిపోయి అక్కడక్కడా గీతలు పడింది. సీట్ల గుడ్డ కూడా పాతదే. మొత్తం కొత్తగా చేయించమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు అంటున్నారు.

జవాబు: నేను రెండోవారి పక్షం. పెయింటు ఎప్పుడైనా కొత్తగా వేయించుకోవచ్చు, ఒకసారి గీకేసిన ఫ్యాక్టరీ పెయింటును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. చారిత్రక వాహనాల కోసం 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఫివా కూడా ఇదే వైపు మొగ్గింది. పాత కట్టడాల సంరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్‌ను ఆదర్శంగా తీసుకుని అది రూపొందించిన టురిన్ చార్టర్, వాహనం మీద మిగిలిన కాలపు ఆనవాళ్లను వీలైనంతవరకు అలాగే ఉంచాలని, చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టాలని కోరుతుంది. ఆ సమాఖ్య లెక్కలో చారిత్రక వాహనమంటే కనీసం ముప్పై ఏళ్లది, నాటి రూపంలోనే కాపాడుతున్నది, రోజువారీ ప్రయాణానికి వాడనిది.

అలాగని తుప్పును కూడా ఆనవాలుగా కాపాడుకోమని కాదు. రేకును తినే తుప్పు ఎక్కడున్నా ఆపించండి. ఆ చోటు వరకే రంగు కలిపి వేయించండి. వెలిసిన పెయింటుకు సున్నితమైన పాలిష్, చిరిగిన సీటుకు అతుకు సరిపోతాయి. ఎండకు పగిలి, రేకు బయటపడి, పొరలుగా ఊడుతున్న పెయింటుకు మాత్రం నా వాదన వర్తించదు. మార్చిన పాత భాగాలను పారేయకుండా ఒక పెట్టెలో దాచండి, తరువాత కారు తీసుకునేవారు మిమ్మల్ని తలచుకుంటారు.

ప్రశ్న: సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో తయారైన ఇంజన్ ఇప్పటి పెట్రోలుతో పాడవుతుందా?

జవాబు: పాడయ్యే అవకాశం ఉంది, అయితే భయపెట్టినంత త్వరగా కాదు. ఇంజన్ కొట్టుకోకుండా (నాకింగ్ లేకుండా) చేసే గుణం పెట్రోలులో కలిపే ఈ సీసపు పదార్థానికి ఉందని 1921లో జనరల్ మోటార్స్‌లో థామస్ మిడ్జ్‌లీ గుర్తించాడు. దానివల్ల మరో లాభం కూడా కలిగింది: కాలిన సీసం ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే పీట మీద పలుచటి పొరగా నిలిచి అరుగుదలను తగ్గించేది. మనుషుల ఆరోగ్యానికి అది చేసిన కీడు చాలా పెద్దది కనుక దేశాలు ఒక్కొక్కటే మానుకుంటూ రాగా, చివరగా అల్జీరియా 2021లో దాని అమ్మకం ఆపింది. పోతఇనుప హెడ్‌లోనే (సిలిండర్లను పైన మూసే భాగంలోనే) పీటలు చెక్కిన ఇంజన్‌ను ఎక్కువ వేగంతో ఎక్కువసేపు నడిపితే ఆ పీటలు అరిగి, వాల్వు క్లియరెన్సులు, అంటే వాల్వు పూర్తిగా మూసుకునేలా వదిలే సన్నటి సందులు, తగ్గిపోతాయి. నెమ్మదిగా, తక్కువ దూరాలు నడిపేవారు క్లియరెన్సులను తరచు చూసుకుంటూ ఉండి, హెడ్ ఎలాగూ విప్పవలసి వచ్చినప్పుడు గట్టి లోహపు పీటలు వేయిస్తే చాలు. అల్యూమినియం హెడ్లకు పీటలు ఎలాగూ విడిగానే ఉంటాయి, కాబట్టి చింత తక్కువ.

పెట్రోలులో కలిపే ఇథనాల్ మీద నాకు అంతకంటే ఎక్కువ అనుమానం. అది తేమను పీలుస్తుంది, పాత రకం రబ్బరును మెత్తబరుస్తుంది. ఇంజన్ పక్కన పెట్రోలు కారితే మంటలు లేస్తాయి. ఇథనాల్‌ను తట్టుకునే రకం పైపులు వేయించడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

ప్రశ్న: రోడ్డు మీద పాత కారు కనిపిస్తే అది ఏ కాలానిదో గుర్తుపట్టడం మా పిల్లలకు సరదా. ఏవి చూసి చెప్పాలి?

జవాబు: లైట్లు, బంపర్లు, వీల్ కప్పులు చూసి నిర్ణయించవద్దని చెప్పండి, అవి గంటలో మార్చగలిగినవి. రేకులో భాగమైన వాటిని చూడాలి. బీటిల్‌కు వెనుక అద్దం నడుమ పట్టీతో రెండు ముక్కలుగా ఉంటే అది 1953 ఆరంభానికి ముందుది, కోడిగుడ్డు ఆకారంలో ఒక్కటే ఉంటే 1953 నుంచి 1957 నడుమది, వెడల్పుగా చతురస్రానికి దగ్గరగా ఉంటే ఆ తరువాతిది. 1959లో వచ్చిన మినీకి మొదట్లో తలుపు కీళ్లు బయటకు కనిపించేవి, కిటికీ అద్దాలు పక్కకు జరిగేవి; 1969లో మూడో రూపం వచ్చినప్పుడు కార్ల కీళ్లు లోపలికి వెళ్లాయి, అద్దాలు కిందికి దిగసాగాయి. సిట్రోయెన్ డీఎస్ 1955లో వెలువడింది. గాజు వెనుక జంటలుగా ఉన్న హెడ్‌లైట్లు కనిపిస్తే అది 1967 చివరి నుంచి వచ్చినదని చెప్పవచ్చు. చాలా మోడళ్లలో లోపలి జంట స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది, అది చూడటం పిల్లలకు పండగే.

అయినా బయటి రూపం ఒక హద్దు వరకే చెబుతుంది. మామూలు మినీలకు కూపర్ (మినీలో వేగం ఎక్కువైన రకం) గుర్తులు, రెండు కార్బురేటర్లు బిగించి కూపర్లుగా అమ్మిన ఉదాహరణలు కావలసినన్ని ఉన్నాయి. అటువంటి చోట ఛాసిస్ నంబరే సాక్ష్యం. 1981 నుంచి స్థిరపడిన 17 అక్షరాల నంబరులో ఐ, ఓ, క్యూ అనే అక్షరాలు వాడరు, ఒకటి, సున్నాలతో పొరపాటు పడకుండా. అంతకు ముందువి ఏ కంపెనీకి ఆ కంపెనీ పద్ధతిలో ఉండేవి. చాలా బ్రిటిష్ కార్లకు నాటి ఉత్పత్తి రిజిస్టర్లు చూసి, ఆ నంబరు కారు ఏ రంగుతో, ఏ ఇంజన్‌తో ఫ్యాక్టరీ వదిలిందో బ్రిటిష్ మోటార్ మ్యూజియం ధ్రువపత్రం ఇస్తుంది. కొనే ఉద్దేశం ఉంటే అది చేతికి వచ్చేవరకు బయానా ఇవ్వకండి.

ప్రశ్న: ఆరుబయట నిలిపే కారుకు ప్లాస్టిక్ పట్టా కప్పవచ్చా?

జవాబు: వద్దు. నేల నుంచి లేచే తేమ దాని కింద చిక్కుకుని రేకును తింటుంది, పట్టా గాలికి కదిలి పెయింటును గీస్తుంది. గాలి ఆడే గుడ్డ కవరు వాడండి, వాన వెలిసిన తరువాత తీసి కారును, కవరును వేరువేరుగా ఆరనివ్వండి, తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోలేదని చూసుకోండి.