పచ్చ బాండు సరే, వడ్డీ కట్టేదెవరు?

ప్రశ్న: మేనేజరు గారికి నమస్కారం. టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది అంబాజీపేట దగ్గర ఊరు. 10 సెంట్ల కొబ్బరితోట అమ్మితే 6 లక్షలు చేతికొచ్చాయి. హైదరాబాదులో ఉండే మా అక్క కొడుకు "గ్రీన్ బాండ్లు కొను పిన్నీ, భూమికి మేలు, నీకు వడ్డీ" అంటున్నాడు. నమ్మొచ్చా? ఇంకో మాట. మా ఊరి మురుగు కాలవ పూడిపోయి ఏటా సార్వా చేలు మునుగుతున్నాయి. సోలారు ప్లాంట్లకి బాండ్లతో డబ్బు దొరుకుతోంది కదా, మా కాలవకెందుకు దొరకదు?
— ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: టీచరు గారూ, మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్నండి. ముందు మొదటిది తేల్చేద్దాం.

గ్రీన్ బాండు కూడా అప్పు పత్రమే. తెచ్చిన డబ్బు పర్యావరణానికి పనికొచ్చే పనులకే వాడతామని రాసిచ్చే అప్పు. రాసిచ్చేదెవరో చూడాలి. కేంద్ర ప్రభుత్వం ఇవి మొదటిసారి 2023 జనవరిలో తెచ్చింది. అప్పట్లో పదేళ్ల బాండుకి వడ్డీ 7.29 శాతం. అసలుకి ఢోకా లేదు. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా తెరిస్తే 10 వేల నుంచి ప్రభుత్వ బాండ్లు కొనుక్కోవచ్చు. వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది, దాని మీద పన్ను ఉంటుంది. మధ్యలో అవసరం పడి అమ్మబోతే మాత్రం కొనేవాడు చప్పున దొరకడు. కాబట్టి 2 లక్షలు దాటొద్దు. మిగతాది బ్యాంకులో ఉంచండి. ఒక్కో బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది.

ప్రైవేటు కంపెనీ పచ్చ బాండంటే నాకు నా టేకు చెట్లు గుర్తొస్తాయి. 1990ల్లో ఒక స్కీములో 5 వేలు కట్టాను. ఆర్టు పేపరు మీద నిగనిగలాడే చెట్టు, కింద ఇరవై ఏళ్లకి ఎంతొస్తుందో పట్టిక. బ్యాంకులో పొద్దస్తమానం ఊరందరి అప్పు కాగితాలు చదివేవాణ్ణి, ఆ పుస్తకం వెనక పేజీ చదవలేదు. కంపెనీ పోయింది, చెట్టూ పోయింది. రసీదు మాత్రం బీరువాలో ఉంది, మా ఆవిడ పారేయనివ్వదు.

ఇక మీ కాలవ సంగతి. ఇందోరు నగరపాలక సంస్థ 2023 ఫిబ్రవరిలో 244 కోట్ల గ్రీన్ బాండ్లు అమ్మింది, 8.25 శాతం వడ్డీకి. నర్మద నీళ్లు ఊరికి తోడే మోటార్ల కరెంటు బిల్లు వాళ్లకి మోయలేని బరువు. 60 మెగావాట్ల సోలారు పెడితే ఆ బిల్లు తగ్గుతుంది, అక్కడ మిగిలిన డబ్బు వడ్డీకి ఆసరా. లెక్క కనిపిస్తోంది కదండీ?

మీ కాలవలో గుర్రపుడెక్క లాగేసి, పూడిక తీసి, గట్లు వేస్తే లాభం లేదని ఎవరంటారు? ఉంది. కానీ అది వందల కమతాల్లో బస్తా ఇక్కడ, బస్తా అక్కడగా చెదిరిపోతుంది. ఏ ఆఫీసు ఖాతాలోకీ రాదు. పైగా మన దగ్గర చేలు చాలామట్టుకు కౌలుకి చేసేవే. మునక తప్పితే ఒక ఏడాది కౌలు రైతు నాలుగు గింజలు చూస్తాడు, మరుసటేడు ఆసామి కౌలు పెంచేస్తాడు. మరి బాండు కొన్నవాడికి ఎవరు కట్టాలి?

సర్కారు హామీ ఉంటే సరిపోదా అంటారేమో. ఆ ముచ్చటా అయిపోయింది. మన ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య సర్కారు సొమ్ముతో లేచింది. తర్వాత కర్నూలు–కడప కాలవని ప్రైవేటు కంపెనీ చేతిలో పెట్టి, పెట్టుబడికి 5 శాతం వడ్డీ హామీ ఇచ్చారు. ఖర్చు అంచనా దాటింది, నీళ్లు అమ్మితే అనుకున్నంత డబ్బు రాలేదు. చివరికి 1882లో సర్కారే కాలవ కొనుక్కుంది. హామీ భారం ఖజానాదే.

అందుకే మురుగు కాలవ పని బడ్జెట్ సొమ్ముతోనే కావాలంటాను. ఒక దారి మాత్రం తోస్తోంది. రొయ్యల చెరువుల నీళ్లు కూడా ఈ కాలవల్లోకే వదులుతారు. వాళ్ల దగ్గర ఎకరాకింత అని ఏటా వసూలు చేసి వేరే ఖాతాలో వేస్తే, బాండు వడ్డీకి ఆధారం దొరుకుతుంది. అయితే అది పంచాయతీ తీర్మానంతో అయ్యే పని కాదు.

మీ అక్కగారబ్బాయిని ఆ బాండు ఆఫరు పత్రం పంపమనండి. కేంద్ర ప్రభుత్వానిది కాకపోతే, డబ్బు కట్టే ముందు ఆ పత్రం జెరాక్సు తీయించి నాకు పోస్టు చేయండి. వెనక పేజీతో సహా.