టెక్ సందేహాలు: రెండు ఇంజిన్లున్న రూటర్‌లో అప్‌గ్రేడ్

ప్రశ్న: మా దగ్గర రెండు రూటింగ్ ఇంజిన్లున్న జునిపర్ ఎంఎక్స్480 రూటర్ ఉంది. దాని ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జునోస్ వెర్షన్ మార్చాలి. ఒకదాని తర్వాత ఒకటి చేస్తే కస్టమర్లకు నెట్ ఆగదని మా సీనియర్ అంటున్నారు. నిజమేనా? ముందు ఏది చేయాలి?
- ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ పద్ధతిలో నెట్ ఆగుతుంది. కస్టమర్లకు ముందే చెప్పి, రాత్రిపూట పెట్టుకోండి.

ప్యాకెట్లను మోసేవి లైన్ కార్డులు, వాటికి దారి చెప్పేది రూటింగ్ ఇంజిన్. రెండు ఇంజిన్లలో పనిచేస్తున్నది మాస్టర్, సిద్ధంగా ఉండేది బ్యాకప్. మాస్టర్ మారినా కార్డులు రీస్టార్ట్ కాకుండా చూసేది గ్రెస్. పక్క రూటర్లతో రూట్లు (దారుల సమాచారం) పంచుకునే బీజీపీ సెషన్లు తెగకుండా కాపాడేది ఎన్ఎస్ఆర్. రెండు ఇంజిన్లలో వేర్వేరు వెర్షన్లుంటే వీటిని నమ్ముకోలేం. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందు రెండింటినీ డీయాక్టివేట్ చేస్తాం. దాంతో మాస్టర్ మారగానే కార్డులన్నీ మళ్లీ మొదటినుంచి లేస్తాయి. అవి లేచి, రూట్లు నేర్చుకునేదాకా కొన్ని నిమిషాలు ట్రాఫిక్ ఉండదు.

ముందు బ్యాకప్, అంటే మామూలుగా ఆర్ఈ1 (రెండో ఇంజిన్; మొదటిది ఆర్ఈ0) చేయండి. ఫైల్ చెక్‌సమ్ (ఫైల్ పాడవలేదని చూపే కోడ్) సరిపోయిందా, డిస్కులో చోటుందా చూసుకుని ఇన్‌స్టాల్ చేసి, ఆ ఒక్క ఇంజిన్‌నే రీబూట్ చేయండి. అది పైకి వచ్చాక షో వెర్షన్ కొట్టి కొత్త నంబరు కళ్లారా చూడండి. ఇప్పటిదాకా కస్టమర్‌కు ఏమీ తెలియదు, ఆర్ఈ0 పాత వెర్షన్‌తో నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాతే మాస్టర్‌ని ఆర్ఈ1కి మార్చండి. ట్రాఫిక్ వచ్చి, బీజీపీ సెషన్లన్నీ లేచాయని తేలేదాకా ఆర్ఈ0ని ముట్టుకోవద్దు. కొత్త వెర్షన్ మొరాయిస్తే వెనక్కి వెళ్లడానికి తేలికైన దారి అదే. వెనక్కి వెళ్లినా కార్డులు మరోసారి రీస్టార్ట్ అవుతాయి కాబట్టి ఆ సమయాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇక్కడ నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను. ఓ చిన్న ఇంటర్నెట్ సంస్థకు సాయంగా వెళ్లాను. అక్కడ అంతకుముందు కొన్ని వారాలుగా ఉత్త కమిట్ (మార్పుల్ని ఒక్క ఇంజిన్‌లోనే అమలు చేసేది) చేస్తూ వచ్చారు, రెండింటిలోనూ అమలు చేసే కమిట్ సింక్రనైజ్ కాదు. నేనూ చూసుకోలేదు. రాత్రి రెండింటికి మాస్టర్ మార్చాను. కార్డులు లేచాయి, లైట్లు పచ్చగా వెలిగాయి, కానీ ఆ నెలలో ఇచ్చిన కొత్త కనెక్షన్లు ఒక్కటీ పనిచేయలేదు. బ్యాకప్‌లో ఉన్నది పాత కాన్ఫిగరేషన్! పాత ఇంజిన్‌ నుంచి ఫైల్ తెచ్చి లోడ్ చేసేసరికి తెల్లారింది. ఆ టెన్షన్ మీకొద్దు. గ్రెస్, ఎన్ఎస్ఆర్ ఆపేటప్పుడే కమిట్ సింక్రనైజ్ కొట్టండి. రెండు ఇంజిన్ల కాన్ఫిగరేషన్ పోల్చి చూడండి, ఒక కాపీ బయట దాచుకోండి. కన్సోల్ కేబుళ్లు కూడా రెండు ఇంజిన్లకూ పెట్టండి (9600 స్పీడ్). రీబూట్‌లో ఇరుక్కుంటే రిమోట్ లాగిన్ పనికిరాదు.

తర్వాత ఆర్ఈ0కి కూడా కొత్త వెర్షన్ వేయండి. అది అవగానే చాలామంది వెంటనే మాస్టర్‌ని మళ్లీ ఆర్ఈ0కి మార్చి, రెండోసారి నెట్ ఆపుతారు. అనవసరం. ముందు గ్రెస్, ఎన్ఎస్ఆర్ తిరిగి ఆన్ చేసి కమిట్ సింక్రనైజ్ కొట్టండి. షో టాస్క్ రెప్లికేషన్ (ఎన్ఎస్ఆర్ స్థితి చూపే కమాండ్)లో అన్నీ కంప్లీట్ అని వచ్చాక మారిస్తే కార్డులు రీస్టార్ట్ కావు. గ్రెస్ ఉన్నప్పుడు మాస్టర్‌ని ఒకసారి మార్చాక మళ్లీ మార్చడానికి మధ్య 240 సెకన్లు ఆగాలి, తొందరపడితే రూటరే ఒప్పుకోదు. అసలు ఆర్ఈ1 మాస్టర్‌గా ఉండిపోయినా నష్టం లేదు.

మీ సీనియర్ చెప్పింది బహుశా ఐఎస్ఎస్‌యూ గురించి. నెట్ దాదాపు ఆగకుండా అప్‌గ్రేడ్ చేసే పద్ధతి అది. మొదలుపెట్టేటప్పుడు రెండు ఇంజిన్లలో ఒకే వెర్షన్ ఉండాలి, గ్రెస్, ఎన్ఎస్ఆర్ రెండూ ఆన్‌లో ఉండాలి, మీ కార్డులూ వాడే ప్రోటోకాల్సూ దానికి సపోర్ట్ చేయాలి. అవి సరిపోతాయో లేదో ముందుగా చెప్పే వ్యాలిడేట్ కమాండ్ ఉంది. దాన్ని నడిపి, వచ్చిన జవాబు మీ సీనియర్‌కు చూపించండి.