టీసీఎల్‌పీ పాసయినంత మాత్రాన బావి నీళ్లు తాగొచ్చా?

మీ బావికి ఎగువనున్న గుంతలో ఇత్తడి ఫౌండ్రీ వాళ్లు వాడేసిన ఇసుక పోస్తున్నారని, అడిగితే 'టీసీఎల్‌పీ టెస్టులో పాసయింది' అని రిపోర్టు చూపించారని రాశారు. వ్యర్థాల్లోంచి విషపదార్థాలు ఎంత కరిగి బయటికొస్తాయో చూసే ల్యాబ్ పరీక్షే టీసీఎల్‌పీ. ఆ ఒక్క కాగితాన్ని నమ్మి ఆ నీళ్లు తాగకండి.

ఇనుము పోతపోసే చోట బంకమట్టి కలిపి వాడే ఇసుకలో విషలోహాలు సాధారణంగా తక్కువే. ఇత్తడి, కంచు పోతల ఇసుక సంగతి వేరు. అందులో సీసం, రాగి, జింక్ చేరతాయి. టీసీఎల్‌పీలో ఇసుకను దాని బరువుకు 20 రెట్లు ఉండే పలుచని ఎసిటిక్ యాసిడ్ ద్రావణంలో సుమారు 18 గంటలు తిప్పి, వడగట్టి, ఆ ద్రవంలో లోహాలు కొలుస్తారు. సీసం లీటరుకు 5 మి.గ్రా. లోపు ఉంటే పాస్. తాగునీటికి డబ్ల్యూహెచ్‌ఓ చెప్పే పరిమాణం 0.01 మి.గ్రా. మాత్రమే, అంటే 500 రెట్లు తక్కువ! పైగా ఇసుకలో ఇనుప రజను కలిపితే టెస్టు జరిగే ఆ కాసేపూ సీసం ఇనుముకు అతుక్కుని ద్రవంలోకి రాదు. గుంతలో ఆ ఇనుము తుప్పు పట్టాక మళ్లీ కరిగి నీళ్లలోకి దిగొచ్చు. అందుకే ఏమైనా కలిపారా అని తప్పకుండా అడగండి.

ముందు బావి నీళ్లకే టెస్టు చేయించండి: సీసం, రాగి, జింక్, కాడ్మియం. ఇసుక అతుక్కోవడానికి రెసిన్ (రసాయన జిగురు) వాడే ఫౌండ్రీ అయితే ఫినాల్ అనే రసాయనానికి కూడా. ల్యాబ్ వాళ్లు బాటిల్లో ముందే నైట్రిక్ యాసిడ్ వేసి ఇస్తే దాన్ని కడిగేయకండి. పోల్చి చూడటానికి గుంతకు ఎగువనున్న మరో బావి నీళ్లు కూడా ఇవ్వండి. రిపోర్టు వచ్చేదాకా, ముఖ్యంగా పిల్లలకు, వేరే నీళ్లే పట్టండి. మరిగిస్తే సీసం పోదు, ఇంకా చిక్కబడుతుంది.