డాలర్ వంద రూపాయలనుకుని లెక్క రాయి

చిన్నీ,

నీకు ఎమ్మెస్‌కి అడ్మిషన్ వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల అమెరికా వెళ్లి చదువుకుంటుందంటే నాకెంత గర్వంగా ఉందో రాయలేను. కానీ ఫోన్ పెట్టేసే ముందు వాడన్న మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. "మొత్తం ఖర్చు ఐ-ట్వంటీలోనే ఉందక్కా, అంతకి లోన్ పెట్టేస్తున్నాం" అన్నాడు. ఇంటిల్లిపాదీ చదువుకున్నవాళ్లే, వీసా కోసం యూనివర్సిటీ పంపిన ఆ కాగితం సరిగ్గా చదివినవాళ్లు ఒక్కరూ లేరా?

ఒకసారి తీసి చూడు. ఖర్చుల అంకెల పైన అది ఎన్ని నెలల లెక్కో ఉంటుంది. 9 ఉండొచ్చు, 12 ఉండొచ్చు. అంతే, దాని లెక్క అక్కడితో సరి. వీసాకి చూపించాల్సిన మొదటి ఏడాది డబ్బు అది, నీ చదువు ఖర్చు కాదు. నీ కోర్సు 30 క్రెడిట్లు అన్నావు. సెమిస్టర్‌కి 9 చొప్పున తీసుకుంటే మొదటి ఏడాదికి 18 అవుతాయి. మిగిలిన 12 క్రెడిట్ల ఫీజు, రెండో ఏడాది అద్దె, మధ్యలో వేసవి సెలవుల తిండి ఎక్కడ రాశారు?

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. సెవిస్ ఫీజు, అంటే విదేశీ విద్యార్థుల నమోదుకి అమెరికా ప్రభుత్వం తీసుకునేది, 350 డాలర్లు, వీసా ఫీజు 185. ఫ్లైట్ టికెట్. దిగగానే ఇంటికి అడ్వాన్సు, మొదటి నెల అద్దె రెండూ ఒకేసారి కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ ప్రతి సెమిస్టర్‌కీ ఉంటుంది. ట్యూషన్ కాక యూనివర్సిటీ వేసే ఇతర ఫీజులు వేరే పేజీలో దాక్కుని ఉంటాయి, వెతుకు. ఇవన్నీ కలిపి ఒక మొత్తం వేయకు. నెలల వారీగా రాయి, ఏ నెలలో ఎంత పోతుందో కనిపించాలి.

ఇప్పుడు అసలు సంగతి. మీ బాబాయ్ 2013లో వెళ్లినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, నీకేమీ గుర్తుండదు. లెక్క మీ తాతయ్యే వేశారు. లాంగ్ నోట్‌బుక్‌లో పేజీ పైన పెన్సిల్‌తో "1 డాలర్ = 54" అని రాసుకుని, కింద ప్రతి ఖర్చునీ దాంతోనే గుణించారు. మే మొదట్లో రేటు అంతే ఉంది, ఆయన్ని అనడానికి లేదు. ఆ లెక్కకే బ్యాంకు లోన్ శాంక్షన్ అయింది, రూపాయల్లో.

ఆ నెలాఖరులోనే అమెరికా ఫెడరల్ రిజర్వ్ (వాళ్ల రిజర్వ్ బ్యాంకు అనుకో) ఛైర్మన్ బెర్నాంకీ, మార్కెట్లోకి డబ్బు పంపే బాండ్ల కొనుగోళ్లు తగ్గించే ఆలోచన ఉందన్నట్టు మాట్లాడాడు. ఆ ఒక్క మాటకి మనలాంటి దేశాల నుంచి డాలర్లు వెనక్కి పోవడం మొదలైంది. జూన్‌లో 60 అయింది. అప్పుడే ఫీజు పంపేయండి నాన్నా అన్నాను. "బ్యాంకులో క్లర్కువి నువ్వు, రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌వి కాదు. ఎక్కింది దిగకపోతుందా, ఆగుదాం" అన్నారు. పొద్దున్నే టీవీ పెట్టుకుని కింద పరిగెత్తే అంకెలు చూస్తూ కూర్చునేవారు. ఆగస్టు ఆఖరికి 68 దాటింది. ఫీజు గడువూ అప్పుడే.

20,000 డాలర్లు 54 లెక్కన 10 లక్షల 80 వేలు. 68 లెక్కన 13 లక్షల 60 వేలు. మధ్యలో 2 లక్షల 80 వేలు లోన్‌లో లేదు, ఇంట్లోనూ లేదు. పెంచమంటే బ్యాంకు వాళ్లు మళ్లీ మొదటి నుంచి కాగితాలన్నారు. అంత టైం లేక నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చారు. నెలకి 5,600 వడ్డీయే. రెండేళ్లకి లక్షా 34 వేలు పోయాక కూడా అసలు అలాగే ఉంది. చివరికి నానమ్మ గాజులు అమ్మి తీర్చారు. ఆ చలికాలం బాబాయ్ అక్కడ ఏం తిన్నాడో ఇప్పటికీ చెప్పడు. అడిగితే నవ్వేసి మాట మారుస్తాడు.

అందుకే చెబుతున్నాను. డాలర్ ఇప్పటికే 90 దాటి కూర్చుంది. నువ్వు 100 వేసి లెక్క రాయి. లోన్ ఆ లెక్కకి శాంక్షన్ చేయించుకో, తీసుకునేది మాత్రం అవసరమైనంతే తీసుకో. వాడని డబ్బుకి వడ్డీ పడదు. ఫీజు టైంకి రేటు తగ్గుతుందేమోనని ఎదురుచూడొద్దు. ఆ జూదం మన ఇంట్లో ఒకసారి ఆడి చూశాం.

లోన్ గురించి ఇంకో రెండు ముక్కలు. విదేశీ చదువుకి ప్రభుత్వ బ్యాంకులు మామూలుగా ఖర్చులో 15 శాతం మార్జిన్ మనీ, అంటే మన చేతి వాటా, మనల్నే పెట్టుకోమంటాయి. అది మీ నాన్న దగ్గర ఉందో లేదో ముందే అడుగు, మొహమాటపడకు. రెండోది, చదువయ్యాక ఏడాది వరకు కట్టక్కర్లేదనగానే అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. వడ్డీ మాత్రం ఊపిరి పీల్చుకోదమ్మా. 30 లక్షలు పూర్తిగా తీసుకుంటే 10 శాతం లెక్కనైనా నెలకి 25,000 పడుతూనే ఉంటుంది. మీ నాన్న నెలనెలా కొంతైనా కడితే తర్వాత నీ నెత్తిన బరువు తగ్గుతుంది. ఆయన పాత పన్ను పద్ధతిలోనే ఉంటే, కట్టిన వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు కూడా వస్తుంది.

క్యాంపస్‌లో పని చేసుకుంటానన్నావట. చెయ్యి, క్లాసులు జరిగేటప్పుడు వారానికి 20 గంటల వరకు ఒప్పుకుంటారు. ఆ డబ్బు మాత్రం లెక్కలో రాయకు, వస్తే చేతిఖర్చు అనుకో. డబ్బు చాలకపోతే బయట ఏ కొట్లోనో నగదుకి పని చేస్తే పోలా అని ఎవరైనా సలహా ఇస్తారు. చచ్చినా వద్దు. పట్టుబడితే వీసా స్టేటస్ పోతుంది, చదువూ డబ్బూ రెండూ దండగ. నాకున్న భయమంతా ఇదే. కటువుగా రాశానని ఏడవకు.

లెక్కలో చివరి గడి ఎవరూ రాయరు. కోర్సు అయిపోయాక ఓపీటీలో, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కాలంలో, ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజుల వరకే ఉండనిస్తారు. ఆ మూడు నెలల అద్దె, తిండి, ఫోన్ బిల్లు ఇప్పుడే పక్కన పెట్టుకోవాలి. లేకపోతే ఆ టెన్షన్‌లో దొరికిన మొదటి ఉద్యోగానికే తలూపేస్తావు.

లెక్క రాసి ఆదివారం లోపు నాకు వాట్సాప్ చెయ్యి. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టే ముందు శాంక్షన్ లెటర్ అన్ని పేజీలూ ఫోటో తీసి పంపు, మొదటి పేజీ ఒక్కటే కాదు. బాబాయ్‌కి కూడా ఫోన్ చెయ్యి, అద్దెల సంగతి నాకంటే వాడికే బాగా తెలుసు. 2013 మాట మాత్రం తాతయ్య ముందు ఎత్తకు.

మీ అత్త