పాండెసాల్‌కి పొద్దున్నే వెళ్ళాలి: ఫిలిప్పీన్స్ రొట్టెలపై పాఠకుల ప్రశ్నలు

ఫిలిప్పీన్స్‌లో డాక్టరు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులూ, గల్ఫ్‌లో పనిచేసి ఊరికొచ్చినవాళ్ళూ పంపిన ప్రశ్నలివి. ఒకే విషయం మీద ఇన్ని వచ్చాయి కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

మా అమ్మాయి దావావ్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. డిసెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. వాళ్ళ వీధి చివరే బేకరీ ఉందట. మేం మాంసం ముట్టం, కేకులో గుడ్డు ఉంటే ఫరవాలేదు. అక్కడ ఏం కొనుక్కోవచ్చు? ఎలా అడగాలి?
(విజయనగరం నుంచి ఒక పాఠకురాలు)

అక్కడ వీధి బేకరీని పనదెర్యా అంటారు. ఏం కొనాలన్నదాని కంటే ముందు ఎప్పుడు వెళ్ళాలన్నది చూసుకోండి. పాండెసాల్ అనే చిన్న రొట్టె తెల్లవారుజామునే పొయ్యి దిగుతుంది. అయిదున్నరకీ ఏడింటికీ మధ్య వెళ్తే కాగితం సంచిలో వేడివేడిగా పోసిస్తారు. పదింటికి వెళ్తే అదే రొట్టె చల్లారి, సాగుడు పట్టి ఉంటుంది. అప్పుడు తిని "ఇంతేనా" అనుకుంటే తప్పు రొట్టెది కాదు. మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ ఒక వాయి దింపుతారు. అది వాళ్ళ మెరియెండా, అంటే మన సాయంత్రం టీ వేళ. తీపి రొట్టెలు ఎక్కువగా అప్పుడు దొరుకుతాయి.

మాంసం కనిపించకపోయినా పిండిలో పంది కొవ్వు ఉండొచ్చు. పాత పద్ధతి బేకరీల్లో దాన్ని డాల్డాలాగే వాడతారు. అందుకే "మాంసం ఉందా" అని మాత్రమే అడిగితే సరిపోదు. "మే మంతికా నాంగ్ బాబోయ్ పో బా ఇతో?" అని అడగండి, ఇది దేశమంతా అర్థమయ్యే టగాలోగ్ భాష. మంతికా అంటే నూనె, కొవ్వు. బాబోయ్ అంటే పంది. "పో" మన "అండీ" లాంటిది, పెద్దవాళ్ళతో మర్యాదగా మాట్లాడేటప్పుడు చేర్చే మాట. మీరూ చేర్చి అడిగితే కౌంటరు దగ్గరి మనిషి ముఖం విప్పారుతుంది. "వలా" అంటే లేదు, "మెరోన్" అంటే ఉంది. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక రకాలు. పాండెసాల్‌లో మైదా, పంచదార, ఉప్పు, ఈస్టు, కొవ్వు ఉంటాయి. కొవ్వు ఏదో కనుక్కుని తీసుకోండి. పాన్ దె కోకో లోపల కొబ్బరి తీపి, మన కొబ్బరి లౌజుకి దగ్గరి చుట్టం. పైన గుడ్డు రాస్తారు. స్పానిష్ బ్రెడ్‌లో వెన్న, పంచదార, రొట్టెపొడి కలిపి చుడతారు. ఎన్సైమాదా గుడ్డు సొనలు బాగా పట్టిన పిండిని జడలా చుట్టి కాల్చి, పైన వెన్న, పంచదార, తురిమిన చీజ్ వేసిన రొట్టె. ఈ పేరు స్పెయిన్‌లోని మయోర్కా దీవి నుంచి వచ్చింది. అక్కడి భాషలో సైమ్ అంటే పంది కొవ్వే. ఇప్పుడు చాలాచోట్ల వెన్నతోనే చేస్తున్నారు, అయినా అడగడం మానకండి. మమోన్ దూదిలాంటి గుడ్డు కేకు. చిన్నపిల్లలకీ, పళ్ళు లేని పెద్దలకీ అంత హాయైనది ఇంకొకటి లేదు.

హోపియా దగ్గర కాస్త జాగ్రత్త. చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు తెచ్చిన పొరల బిళ్ళ అది. "హోపియా మోంగో"లో పెసరపప్పు తీపి ఉంటుంది. కొరికితే మన పూర్ణం బూరె గుర్తొస్తుంది. పక్కనే ఉండే "హోపియా బాబోయ్"లో బూడిదగుమ్మడి తీపితో పాటు పంది కొవ్వు కలుస్తుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పైన వేసిన ముద్ర చూపించి అడగండి. షోపావ్, అసాదో అన్న పేర్లు వినిపిస్తే మాంసమే అనుకోండి. అన్నీ ఒకే పట్టుకారుతో తీస్తారు కాబట్టి పట్టింపు ఉంటే వేరే పట్టుకారుతో తీయమని చెప్పండి.

డిసెంబరు అన్నారు కాబట్టి ఒక మాట. 16 నుంచి 24 దాకా తెల్లవారుజామున చర్చిల్లో ప్రార్థనలు జరుగుతాయి, వాటిని సింబాంగ్ గాబి అంటారు. చర్చి బయట బిబింకా అమ్ముతారు. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి, అరిటాకు వేసిన మట్టిమూకుట్లో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. ఆకు కమిలిన వాసనతో సహా పొగలు కక్కుతూ చేతికిస్తారు. పైన ఉప్పులో ఊరిన బాతుగుడ్డు ముక్క పెడతారు, వద్దనుకుంటే ముందే చెప్పండి. మిగతావన్నీ వదులుకున్నా ఇది వదులుకోవద్దు.

పాండెసాల్ ఇంట్లో చేశాను. అరకిలో మైదాకి 10 గ్రాముల ఈస్టు వేసి రెండు గంటలు పొంగనిచ్చాను. పిండి చేతికి అంటుకుంటుంటే పొడి మైదా చల్లుతూ పిసికాను. ఓటీజీలో 220 డిగ్రీల మీద పెట్టాను. పైన గట్టిగా, లోపల కల్లు వాసన. ఎక్కడ పోయింది?
(టెక్కలి నుంచి ఒక పాఠకురాలు)

మూడుచోట్ల పోయిందమ్మా. మూడూ సరిదిద్దుకోగలిగినవే.

మొదటిది ఈస్టు. 10 గ్రాములు చలిదేశపు లెక్క. మన ఎండాకాలంలో వంటింట్లో 36 డిగ్రీలు ఉన్నప్పుడు అంత ఈస్టు వేసి రెండు గంటలు వదిలితే పిండి పొంగి, మళ్ళీ కూలిపోతుంది. మీకు వచ్చిన కల్లు వాసన అదే. ఈస్టు తీపిని తినేసి సారా పుట్టించింది. తినడానికి తీపి మిగలకపోతే రొట్టెకి రంగు కూడా సరిగా రాదు. అరకిలోకి ఎండాకాలంలో ఇన్‌స్టంట్ ఈస్టు 4 గ్రాములు, నవంబరు నుంచి జనవరి దాకా 7 గ్రాములు చాలు. కలిపే నీళ్ళు వేసవిలో కుండనీళ్ళంత చల్లగా ఉండాలి. గోరువెచ్చని నీళ్ళు అని ఎక్కడ చదివినా మన మే నెలలో పక్కన పెట్టేయండి. పిండి పిసికాక 26 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంటే సరైన దారిలో ఉన్నట్టు.

రెండోది పొడి మైదా. చల్లిన ప్రతి గుప్పెడూ రొట్టెని గట్టి చేస్తుంది. జిగురు పిండి పిసికేకొద్దీ దానంతటదే దారికొస్తుంది. పది నిమిషాలు ఓపిక పట్టండి. మరీ అంటుకుంటే చేతికి నూనె రాసుకోండి.

కొలత ఇది: మైదా 500 గ్రా., పంచదార 75 గ్రా., ఉప్పు 7 గ్రా., పాలు 150 మి.లీ., నీళ్ళు 130 మి.లీ., వెన్న లేదా వాసన లేని నూనె 50 గ్రా. మైదా మైదాకి నీళ్ళు పీల్చే తీరు మారుతుంది కాబట్టి చివరి 30 మి.లీ. నీళ్ళు చేతిలో ఉంచుకుని చూసి పోయండి. వెన్న మొదటే వేయకూడదు, అయిదు నిమిషాలు పిసికాక వేయాలి. కొవ్వు ముందే పడితే మైదాలో సాగుడు గుణం నిలబడడానికి ఆలస్యమవుతుంది. మొత్తం పది, పన్నెండు నిమిషాలు పిసకాలి. చిన్న ముద్ద తీసి వేళ్ళతో సాగదీస్తే చిరగకుండా వెలుతురు కనపడేంత పల్చన కావాలి.

మూత పెట్టి రెట్టింపయ్యేదాకా వదలండి. వేసవిలో 40 నిమిషాల నుంచే చూస్తూ ఉండండి. తడి వేలుతో గుచ్చితే గుంట నెమ్మదిగా సగం పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా టైము కావాలి. అసలు పూడకుండా పిండి నిట్టూర్చినట్టు దిగిపోతే దాటిపోయినట్టు.

ఇప్పుడు పాండెసాల్‌కి పాండెసాల్ రూపం వచ్చే చోటు. పిండిని ముంజేయంత లావు కర్రలా చుట్టండి. దీన్ని వాళ్ళు బస్తోన్ అంటారు. మెత్తటి రొట్టెపొడిలో దొర్లించి, అంగుళం వెడల్పు ముక్కలు గట్టి రేకుతో ఒక్క దెబ్బకి కోయండి. రంపంలా కోస్తే అంచు నలిగి పొంగు పోతుంది. కోసిన ముఖం పైకి వచ్చేలా, ముక్కకీ ముక్కకీ వేలెడు ఎడంతో ట్రేలో పెట్టి పైన మరికాస్త పొడి చల్లండి. ఈ కొలతకి 45 గ్రాముల చొప్పున ఇరవై వస్తాయి. మళ్ళీ 25 నుంచి 35 నిమిషాలు పొంగనివ్వండి.

మూడో తప్పు వేడి. 220లో పైపెచ్చు ముందే బిగుసుకుని లోపలిది పెరగలేకపోయింది. 15 నిమిషాలు ముందుగా కాగిన ఓటీజీలో 180 డిగ్రీల మీద 15 నుంచి 18 నిమిషాలు చాలు, ట్రే మధ్య అరలో ఉండాలి. లేత బంగారు రంగు రాగానే తీసేయండి. ఇది పెళుసు రొట్టె కాదు. పేరులో సాల్ అంటే ఉప్పే అయినా నాలుక మీద తీపే ముందు తెలియాలి.

కువైట్‌లో ఫిలిప్పీనో బేకరీలో ఊదారంగు కేకు తినేవాణ్ణి, ఊబే అనేవాళ్ళు. అది మన పెండలమేనా? మా పెరట్లో దుంపలున్నాయి.
(సోంపేట నుంచి ఒక పాఠకుడు)

జాతి ఒకటే, రంగు వేరు. ఊబే ఊదా కండ ఉన్న పెండలం. మీ పెరట్లోది కోస్తే తెల్లగా ఉంటే రుచి దగ్గరగా వస్తుంది గాని రంగు రాదు. కర్రపెండలం దీనికి సంబంధం లేని మొక్క. దాంతో వాళ్ళు కసావా కేకు చేస్తారు. ఊదా చిలగడదుంప రంగిస్తుంది గాని దానికి తీపి ఎక్కువ, ఊబేకుండే కమ్మదనం తక్కువ.

ఊదా పెండలం దొరికితే ముందు హలాయా చేయండి. అది మన హల్వా పనే. చెక్కు తీసేముందు చేతులకి నూనె రాసుకోండి, లేకపోతే దురద. ఉడికించి తురిమిన దుంప అరకిలో, కండెన్స్‌డ్ మిల్కు ఒక డబ్బా, చిక్కటి కొబ్బరిపాలు 200 మి.లీ., వెన్న 60 గ్రా. అడుగు మందంగా ఉన్న మూకుట్లో సన్నసెగ మీద 30, 40 నిమిషాలు, గరిటె ఆపకుండా, ముద్ద అంచులు వదిలేదాకా కలపాలి. కేకు పిండిలో వంటసోడా ఎక్కువైతే ఈ రంగు నీలంలోకి, ఆకుపచ్చలోకి తిరుగుతుంది. బేకింగ్ పౌడరుతోనే చేయండి. బేకరీల్లో కనిపించే ముదురు ఊదా చాలావరకు ఊబే ఎసెన్సు, రంగు కలిపినది, ఇంట్లో అంత రాలేదని దిగులు పడొద్దు.

మాది చిన్న బేకరీ. ఉద్దానం కొబ్బరి చవకగా వస్తుంది. పాన్ దె కోకో పెడితే నడుస్తుందా? కొలతలు చెప్పండి.
(ఇచ్ఛాపురం నుంచి ఒక పాఠకుడు)

నడుస్తుంది. మన కొబ్బరి బన్నుకి అలవాటు పడ్డ నోటికి ఇది కొత్త కాదు, పైగా బెల్లంతో చేస్తే ఇంకా బావుంటుంది. కిలో మైదాకి పంచదార 180 గ్రా., కొవ్వు 100 గ్రా., పాలపొడి 30 గ్రా., ఉప్పు 12 గ్రా., ఇన్‌స్టంట్ ఈస్టు 10 గ్రా., నీళ్ళు సుమారు 520 మి.లీ. 40 గ్రాముల ఉండలు 46 దాకా వస్తాయి. లోపలికి తురిమిన ముదురు కొబ్బరి 650 గ్రా., బెల్లం 325 గ్రా., చిటికెడు ఉప్పు. నీళ్ళు పోయకుండా దగ్గరపడేదాకా వేయించి పూర్తిగా చల్లార్చండి. వెచ్చగా ఉండగా పెడితే పిండి అడుగు తడిసిపోయి కాలదు. ఒక్కోదానికి 20 గ్రాములు. ముడి గట్టిగా నొక్కి కిందికి పెట్టండి, పైన ఫోర్కుతో రెండు గాట్లు పెడితే ఆవిరి పోయి పగలదు. కొబ్బరి మన ఉక్కలో మర్నాటికే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే అమ్మండి.

పలాస జీడిపప్పుతో చేయగల ఫిలిప్పీన్స్ కేకు ఏదైనా ఉందా?
(పలాస నుంచి ఒక పాఠకురాలు)

మీ ఊరి కోసమే పుట్టినట్టు ఒకటుంది, సాన్స్ రివాల్. గుడ్డు తెల్లసొన, జీడిపప్పు పొరల మధ్య వెన్న క్రీము. ముక్కపప్పు చాలు, గుండు పప్పు కొనక్కర్లేదు. ఉప్పు లేని 150 గ్రాముల పప్పు దోరగా వేయించి, చల్లారాక బరకగా నలపండి. పొడి అయితే నూనె వదిలి నురగని కూల్చేస్తుంది. ఆరు తెల్లసొనలు, అర చెంచా నిమ్మరసం, 200 గ్రా. పంచదార కొద్దికొద్దిగా వేస్తూ గట్టి నురగ చేయండి. గిన్నెలో జిడ్డుగాని, ఒక్క చుక్క పచ్చసొనగాని ఉండకూడదు. పప్పు కలిపి, బేకింగ్ కాగితం మీద అర సెంటీమీటరు మందాన నాలుగు పొరలు పరిచి 150 డిగ్రీల మీద 35, 40 నిమిషాలు ఎండేలా కాల్చండి.

క్రీముకి 150 గ్రా. పంచదార, 60 మి.లీ. నీళ్ళతో పాకం. థర్మామీటరుంటే 115 డిగ్రీలు, లేకపోతే అరిసెల పాకమే, నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. గిలక్కొట్టిన ఆరు పచ్చసొనల్లోకి సన్నటి ధారగా పోస్తూ, గిన్నె చల్లబడేదాకా కొట్టాలి. తర్వాతే 225 గ్రా. ఉప్పులేని వెన్న ముక్కలుగా వేయాలి. గిన్నె వెచ్చగా ఉంటే వెన్న కరిగి నీరుకారుతుంది. అలా అయితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్ళీ కొట్టండి, కుదురుకుంటుంది.

మీ దగ్గర సముద్రపు తేమ ఎక్కువ. కాల్చిన పొరలు గంటసేపు బయట ఉంటే జిగురుపడతాయి. చల్లారగానే గాలి దూరని డబ్బాలో పెట్టి, క్రీము రాసిన వెంటనే ఫ్రీజర్లోకి పంపండి. చల్లగా ఉండగానే కోసి తినాలి.

మా అబ్బాయి సెబు నుంచి వస్తూ ఏం తేవచ్చు? దార్లో పాడవకూడదు.
(బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు)

ఒతాప్ అనే పంచదార అద్దిన పొరల బిస్కట్టు సెబుకి పేరు తెచ్చినదే, పొడిగా ఉంటుంది కాబట్టి నిలవుంటుంది. అయితే నలుగుతుంది, రేకు డబ్బాలో పెట్టించండి. పోల్వొరోన్ ఇంకా మేలు. వేయించిన మైదా, పాలపొడి, పంచదార, వెన్న కలిపి అచ్చు కొట్టి కాగితంలో చుడతారు, నోట్లో సున్నుండలా విడిపోతుంది. పాండెసాల్, మమోన్, ఎన్సైమాదా మోసుకురావద్దు. మాంసం ఉన్నవి అసలు వద్దు, మాంసం, పాల ఉత్పత్తులు తెస్తే మన కస్టమ్స్ దగ్గర చెప్పి తీరాలి. పోల్వొరోన్‌లో పాలపొడి ఉంటుంది, అదీ చెప్పమనండి.