ప్యానెల్ పెట్టే ముందు

అమ్మలూ,

సర్వర్లన్నిటికీ వెబ్ ప్యానెల్, అదే బ్రౌజర్‌లోంచి సర్వర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, ఎంచి పెట్టే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

బ్యాకప్ తీసుకో, ముందు టెస్ట్ మెషీన్ మీద నడిపి చూడు. ఇవి నీకు తెలిసినవే.

డెమో చూసి మాత్రం మురిసిపోకు. గ్రాఫులు అందరివీ అందంగానే ఉంటాయి. సెట్టింగులు చివరికి ఎవరి చేతిలో ఉంటాయో అడుగు. 1997లో మొదలైన వెబ్‌మిన్ అనే ప్యానెల్ కాన్ఫిగ్ ఫైళ్లనే, అంటే సెట్టింగులు రాసి ఉండే ఫైళ్లనే, నేరుగా దిద్దుతుంది. కాక్‌పిట్ అనే ఇంకో ప్యానెల్ సిస్టమ్‌లో ఉన్నదాన్నే చూపిస్తుంది. టెర్మినల్‌లో సర్వీసు ఆపితే అక్కడా ఆగినట్టే కనబడుతుంది. కొన్ని ప్యానెళ్లు మాత్రం సొంత డేటాబేస్ పెట్టుకుని, దాన్నుంచి ఫైళ్లు రాస్తాయి.

అలాంటిదే నేను పనిచేసిన ఒక చోట ఉండేది. ఒక రాత్రి సైటు మొరాయిస్తే మా వాడొకడు ఆ సైటుని నడిపే అపాచీ వెబ్ సర్వర్ కాన్ఫిగ్ ఫైలు చేత్తో దిద్దాడు. మంచి పనివాడే. పనిలో పనిగా ఒక ఫోల్డర్‌ని బయటివాళ్లు చూడకుండా కట్టడి చేశాడు. ఎక్కడా రాసిపెట్టలేదు. కొన్ని వారాలకి, కొత్తగా చేరిన అమ్మాయి ప్యానెల్‌లో ఒక డొమైన్ చేర్చి సేవ్ నొక్కింది. ప్యానెల్ తన లెక్క ప్రకారం ఫైలంతా తిరగరాసింది. ఎర్రర్ లేదు, పచ్చ టిక్కు వచ్చింది. ఫోల్డర్ బార్లా తెరుచుకున్న సంగతి బయటివాళ్లు చెబితే గానీ మాకు తెలియలేదు. తిట్లన్నీ ఆ పిల్ల తిన్నది! ‘దీన్ని చేత్తో మార్చకండి’ అని ఫైలు మొదట్లోనే రాసి ఉంది, మా వాడు అది చదివితేగా. నీ దగ్గర చేరే పిల్లలకి ఆ గతి పట్టనివ్వకు. ఏ ఫైలు ప్యానెల్‌ది, ఏది మనిషిది అన్నది మొదటిరోజే తేల్చు. కాన్ఫిగ్ ఫైళ్లను, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టు, ఎవరు ఏం మార్చినా కనబడుతుంది.

ఇక నా అసలు భయం పోర్టులు, ప్యానెల్‌లోకి వెళ్లే నంబరు తలుపులు. వెబ్‌మిన్‌ది 10000, కాక్‌పిట్‌ది 9090. వాటిని ఇంటర్నెట్‌కి తెరిచావని తెలిస్తే మేనకోడలివని కూడా చూడను, వచ్చి మరీ తిడతాను. పాస్‌వర్డ్ గట్టిదే కదా అనకు. 2019 ఆగస్టులో వెబ్‌మిన్‌లో బయటపడింది మామూలు బగ్ కాదు, కోడ్‌ని ప్యాకేజీగా తయారుచేసే బిల్డ్ సర్వర్‌లోకి చొరబడినవాళ్లు నాటిన బ్యాక్‌డోర్, అంటే దొంగదారి. 1.890 వెర్షన్‌లోనైతే డిఫాల్ట్ సెట్టింగులతోనే, లాగిన్ లేకుండా రూట్‌గా, అంటే సర్వాధికారాలతో, కమాండ్లు నడపొచ్చు. గిట్‌హబ్ సైటులో అందరికీ కనబడే కోడ్ మాత్రం శుభ్రంగానే ఉంది. అది చదివినవాడికి ఏం తెలుస్తుంది చెప్పు? ప్యానెల్‌ని 127.0.0.1కి, అంటే ఆ సర్వర్ లోపలికే, కట్టేసి, ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ అనే రహస్య దారిలోంచి వెళ్లు.

నన్నడిగితే, లాగ్‌లు చూడ్డానికి, సర్వీసులు రీస్టార్ట్ చేయడానికి కాక్‌పిట్ చాలు. సర్వర్లు వందల్లో ఉంటే ప్యానెల్ ఊసెత్తకుండా, చాలా సర్వర్లను ఒకేసారి సెట్ చేసే యాన్సిబుల్ నేర్చుకో.

పెట్టేముందు ఫైర్‌వాల్ రూల్స్ ఒకసారి నాకు పంపు. నీ మీద నమ్మకం లేక కాదు తల్లీ, నా కళ్లతో చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు.

మీ మావయ్య